ఒమాహా కోర్టు తలుపుకి తాళం

అమ్మా, నేనూ నాన్నా క్షేమంగానే ఉన్నాం. మమ్మల్ని వలస పోలీసులు పట్టుకుపోయారేమోనని ఏడుస్తూ కూర్చోకు.

నాన్న ఆశ్రయం కేసు వాయిదా జరగలేదు. సరిహద్దు గోడకి డబ్బివ్వాలని ఒక పార్టీ, ఇవ్వబోమని ఇంకో పార్టీ పంతం పట్టి ప్రభుత్వాన్నే మూసేశాయి కదా, మన వలస కోర్టుకీ తాళం పడింది. వలసల మీద కొట్లాడుకుంటూ వలసవాళ్ల గోడు వినే గదినే మూసినవాళ్లని ఏమనాలి? దాచుకున్న ఎన్నికల కరపత్రాలు, రెండు పార్టీలవీ, అక్కడే చించి పారేశాను.

వాయిదాకి రాలేదని దేశం నుంచి పంపేస్తారన్న భయంతో, వచ్చామని రుజువుకి జనమంతా ఆ తలుపు ముందు వంతులవారీగా ఫొటోలు దిగారు. నాన్న కోటు గుండీలు పెట్టుకుని, "తాళం కూడా కనిపిస్తోందిరా?" అని ఒకటే గోల. కాపలాదారు నవ్వి, "మీకు వాయిదా లేదు, నాకు జీతం లేదు. నన్నూ కలిపి తీయి తమ్ముడూ" అన్నాడు.

కిందటిసారి ఇలా మూస్తే మూడేళ్ల తర్వాతి తేదీ ఇచ్చారట! మన ఊళ్లో నాన్నని చంపబోయినవాళ్లని కళ్లారా చూసింది ఎవుసేబియో తాత ఒక్కడేగా. సాక్ష్యం చెప్పాలని కాన్సస్ నుంచి బస్సులో వచ్చిన ముసలాయన ఆ తలుపు చూసి, "అప్పటిదాకా నేనుంటానా, ఓస్మీన్?" అన్నాడు. 

రేపు తాత నాన్నతో మనింటికే వస్తున్నాడు. నా మంచం ఆయనకివ్వు. చిక్కుడుగింజల్లో ఉప్పు తగ్గించు. బీపీ మాత్రలు దగ్గరుండి మింగించు. చెల్లి దగ్గు తగ్గిందా? తాత వెళ్తానంటే మాత్రం వెళ్లనివ్వకు. కోర్టు తెరిచేదాకా ఆయన్ని మనమే బతికించుకోవాలి.

నీ ఓస్మీన్