ముట్టుకోనన్న కారు

సోమవారం
తీర్మానం: షెడ్డులోని ఆ పాత కారును, ఆ తుప్పుగుట్టను ముట్టుకోను, ఒక్క మాట కూడా అనను. దంతవైద్యురాలిని, కట్టుడు పళ్ల ల్యాబు కోసం కట్టించుకున్న షెడ్డది! నెలాఖరుకు అమ్మేస్తానని మావారు మాటిచ్చారు. అంతవరకు మౌనం. చాలా తేలిక!

మంగళవారం
మౌనం అద్భుతంగా సాగుతోంది! హారన్ బాగుచేశారు. జలుబు చేసిన బాతు కూత. (డైరీలో రాస్తే అన్నట్టు కాదు.) పాత కార్లవాళ్లంతా ఆదివారాలు మైదానంలో చేరి, బానెట్లెత్తి, ఒకరి ఇంజన్లోకి ఒకరు తొంగి చూసుకుంటారట. ఆ పనికి మేము, దంతవైద్యులం, ఫీజు తీసుకుంటాం.

గురువారం
భోజనాల దగ్గర అత్తయ్య: "ఏమ్మా, నీ సవతి ఎలా ఉంది?"
"నేనటు వెళ్లనే లేదు అత్తయ్యా."
"మరి ఆ చేతికి గ్రీజేమిటి?"
షెడ్డు తలుపు వేయడానికి వెళ్లాను. తలుపు మాత్రమే.

శుక్రవారం
డాష్‌బోర్డు మీద ఉండాల్సిన రెండు నాబ్‌లలో ఒకటి లేదు. దాని స్థానంలో ఆయన తెల్లటి సీసామూత అంటించారు! మిగిలినది పాత పంటి రంగు. ముందు పంటికి ఎవరైనా ఇలాంటి తెలుపు పెడితే డిగ్రీ లాక్కోవాలి. ఇది కారు విషయం కాదు. రంగు విషయం.

శనివారం
పళ్లకు అచ్చు తీసే ముద్దతోనే ఆ మిగిలిన నాబ్‌కు అచ్చు తీశాను. పంటి రంగులు సరిచూసే పట్టీ పక్కన పెట్టి చూశాను: అంచున పసుపు, మొదలు దగ్గర బూడిద. పోతపోసి, పాలిష్ చేసి, బిగించాను. ఏది పాతదో ఆయన కనిపెట్టలేకపోయారు. నోరు తెరిచి నిలబడ్డారు. వెనక దవడ పన్ను శుభ్రం చేయాలి.

ఆదివారం
కొనేవాడొస్తున్నాడు. ఆయన పొద్దున్నే కారు తుడిచి, తాళాలు నా చేతిలో పెట్టారు. "నావల్ల కాదు. నువ్వే ఇచ్చెయ్."
వచ్చినవాడు టైరును కాలితో తన్నాడు. "ఇంజన్ పీకేసి మా హోటల్ ముందు పెడతాం మేడమ్. లోపల పూలమొక్కలు. ఈ డబ్బాకి ఇంకేం పనుంది?"
తుప్పుగుట్ట అని నేనూ రాశాను. కానీ నేను ఇంటిమనిషిని.
అతని వేలు నా నాబ్ మీద పడింది.
"చెయ్యి తీయండి బాబూ. ఇది అమ్మడం లేదు."
అతను వెళ్లాక ఆయన మెల్లగా, "మరి నీ ల్యాబు?"
"మీ సామాన్ల గది ఖాళీ చేయండి."
వెనక సీట్లోంచి అత్తయ్య: "ఆ మాటలు మైదానానికి వెళ్లే దారిలో మాట్లాడుకోవచ్చుగా! బండి పోనియ్."

సోమవారం
తీర్మానం, మళ్లీ మొదటినుంచి: ఆ కారును ముట్టుకోను. నిన్న వీధి మలుపులో ఆగిపోతే నెట్టడం లెక్కలోకి రాదు.
షెడ్డు తలుపు వేసి రావాలి. తలుపు మాత్రమే.