పానా దూరని బొమ్మ

మంగళవారం, 14 జూలై 2009

తెల్లారితే ధైర్యం పోతుంది. అందుకే లేత్ షాపు రాజయ్య కాకను ఏమడగాలో ఇప్పుడే రాసిపెట్టుకుంటున్నాను.

కంప్యూటర్ మీద డిజైన్లు గీయడం నేర్పే క్యాడ్ క్లాసులో, గనిలో బొగ్గు మోసే టబ్బుకు నేను గీసిన చక్రాన్ని సార్ మెచ్చుకున్నారు. ఆ ప్రింటు ఇంటికి తెచ్చి నాన్నకు చూపించాను. గనిలో ఇరవై ఏళ్లుగా ఫిట్టరు, చదువు రాదు. కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"మస్తుగున్నది బిడ్డా. మరి గీ నట్టు బిగించనీకి పానా ఏడికెళ్లి దూరుతది?"

నిజమే, పానా దూరే సందే లేదు. నేనెప్పుడూ పానా పట్టలేదు. డిజైన్ ఉద్యోగానికి రమ్మన్న హైదరాబాదు కంపెనీకి ఇది తెలియదు.

షాపులో పని నేర్చుకుంటానంటే అమ్మ, "మసి బట్టలేసుకొని మొగోళ్ల నడుమ నిలబడతవా?" అంది.

కాకా, నెల రోజులు నీ షాపుల నన్ను పని చెయ్యనిస్తవా? సోమవారం కంపెనీకి జవాబు చెప్పాలె; నువ్వు సరేనంటే నెల ఆగి చేరుతనని చెప్త. శనివారం లోపల ఏదో ఒకటి చెప్పు.