నలభయ్యో మాట

04-08-2025, సోమవారం. జమ్మలమడుగు.

ఈ డైరీలో ఇంతవరకు పాలు, కరెంటు మీటరు రీడింగు, మాత్రల వేళలు, ఎప్పుడైనా ఇంకో ఇంటి లెక్క తప్ప వేరేవి రాయలేదు. ఈ రోజు నుంచి ఫోన్ గురించి రాస్తాను. కారణం ఉంది. ప్రొద్దుటూరులో సెల్ రిపేరు చేసే మొయిన్‌తో మాట్లాడాను. మా ఇంట్లో పాత ఫోన్ దానంతట అదే ఆఫ్ అవుతోందని చెప్పాను. ఎప్పట్నుంచి టీచరమ్మా అన్నాడు. ఈ మధ్యనే అన్నాను. ముప్పయ్యారేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. ఆ మొయిన్‌కూ చెప్పాను. "ఈ మధ్యనే" అనేది ఒక జవాబా?

ఫోన్ ఆయనది. 2017లో కొన్నాం. 2018 ఫిబ్రవరిలో క్యాన్సర్ వల్ల ఆయన స్వరపేటిక తీసేశారు. ఆపరేషన్‌కు నాలుగు రోజుల ముందు మనవరాలు అర్చన ఈ ఫోన్లో ఒక యాప్ వేసి, ఆయన చేత నలభై మాటలు పలికించింది. స్క్రీన్ మీద నలభై గళ్లు. గడి నొక్కితే ఆయన గొంతు పలుకుతుంది. ఏడున్నరేళ్లుగా ఈ ఇంట్లో ఆయన మాటలంటే ఆ నలభయ్యే.

జాబితా రాసింది నేను. అవసరాన్ని బట్టి వరస. ఒకటి, నొప్పి. రెండు, ఊపిరాడటం లేదు. మూడు, రక్తం. నాలుగు, నీళ్లు. ఆయన బస్సు కండక్టరుగా చేశారు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల. ముద్దనూరు, ముద్దనూరు, దిగాల దిగాల అనే ఆ కేక కూడా ఎక్కించమన్నారు. అనవసరం అన్నాను. బతిమాలి ఒక్కటి సాధించుకున్నారు. నలభయ్యోది. "ఏమ్మేయ్." నన్ను పిలవడం. యాభై ఏళ్లుగా ఆయన నోట నా పేరు అదే.

05-08-2025

ఆఫ్ అయిన వేళలు: ఉదయం 7.20, అప్పుడు ఛార్జింగ్ 41 శాతం. 11.05, 38 శాతం. సాయంత్రం 6.40, 52 శాతం. అంకెలకు అర్థం లేకుండా పోయింది.

07-08-2025, గురువారం

ప్రొద్దుటూరు వెళ్లి వచ్చాను. మొయిన్ ఫోన్‌ను బల్ల మీద పెట్టి వేలితో తిప్పాడు. బొంగరంలా తిరిగింది. ఇది సెల్లు కాదు టీచరమ్మా, పూరీ, బ్యాటరీ శానా పొంగింది అన్నాడు. నేను నవ్వలేదు. ఈ మోడల్ బ్యాటరీలు చేయడం మానేసి ఏండ్లయిందట. పాత స్టాకు యాడన్నా దొరికితే చూస్తా, అంతదాకా నువ్వు ఛార్జింగ్ పెట్టొద్దు, పేలినా పేలుతాది అన్నాడు. తన కళ్లముందే కొంచెం ఎక్కించి, స్విచాఫ్ చేసి ఇచ్చాడు. 64 శాతం. ఎనిమిదేండ్ల సెల్లంటే మనుషుల్లో తొంభై ఏండ్ల ముసలోడని కూడా అన్నాడు. మా ఇంట్లో కుట్టుమిషను వయసు యాభై రెండు, ఇప్పటికీ కుడుతోంది అన్నాను. దానికి అప్‌డేట్లు లేవు గదా టీచరమ్మా అన్నాడు. లెక్కల్లో ఏనాడూ నలభై రెండు దాటని పిల్లవాడు. ఈ ఒక్కదానికి జవాబు సరిగ్గా చెప్పాడు.

కొత్త ఫోన్ కొన్నాను.

08-08-2025, శుక్రవారం

అర్చన పులివెందుల సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు. పాత ఫోన్లోని యాప్‌ను కొత్తదానికి పంపే ఉపాయం ఫోన్లోనే చెప్పింది. వచ్చింది. తెరుచుకోలేదు. పాత ఆండ్రాయిడ్ కోసం చేసిన యాప్ అని ఇంగ్లిష్‌లో రాసి చూపింది. చేసిన కంపెనీ మూతబడిందట. మాటలు యాప్ లోపల తాళంలో ఉన్నాయట, విడిగా తీయడానికి లేదట.

ఇంక ఉండేది ఒకటే దారి జేజీ, అంది. పాతదాంట్లో గడి నొక్కు, పక్కన కొత్తదాంట్లో రికార్డు చెయ్యి, అర్ధగంట పని, ఇప్పుడే చేసెయ్. ఆదివారం నువ్వు రా, పద్ధతిగా చేద్దాం అన్నాను. నీ పద్ధతి పాడుగాను అంది. పెద్దంతరం, చిన్నంతరం లేదు.

స్విచాఫ్ చేసేటప్పుడు 57 శాతం.

10-08-2025, ఆదివారం

అర్చన ఎనిమిది గంటల బస్సుకు వచ్చింది. కిటికీలు మూశాను. ఫ్యాన్ ఆపాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోటో తీయించుకునేవారిలా కూర్చున్నారు. పాత ఫోన్ ఆన్ కాగానే ఆయన వేలు నేరుగా నలభయ్యో గడి మీదికి పోయింది. ముందు అదే చేద్దాం జేజీ, జేజినాయన అడుగుతాండాడు గదా అంది అర్చన. ఒకటి నుంచి మొదలు పెట్టాలన్నాను. వరస తప్పితే ఏదో ఒకటి తప్పిపోతుందన్నాను. ఆయన నా వైపు చూశారు. వేలు తీసేశారు.

మొదటి మాట మధ్యలో బయట హారన్ మోగింది. మళ్లీ చేశాను. రెండోది బాగా వచ్చింది. మూడోదానికి పక్కింటి కుక్కర్. మళ్లీ చేశాను. పరీక్ష పేపర్లు దిద్దుతాండావా ఏంది, పోనీ జేజీ, అంటూనే ఉంది అర్చన. ప్రతి మాటా మొదట్నుంచి చివరిదాకా విని, సరిపోయిందని టిక్కు పెట్టుకుని ముందుకు పోయాను.

పదకొండోది దుప్పటి. పన్నెండో గడి నొక్కాను. స్క్రీన్ తెల్లబడింది. తర్వాత నల్లబడింది. అప్పటికి 49 శాతం ఉంది.

మళ్లీ వెలగలేదు.

11-08-2025

వెనక మూత లేచింది. ఇసుక పోసిన డబ్బాలో పెట్టి వరండాలో ఉంచాను.

14-08-2025, గురువారం

మొయిన్‌కు పాత స్టాకు బ్యాటరీ ఒకటి దొరికింది. వేశాడు. కంపెనీ గుర్తు వెలిగింది. ఇద్దరం స్టూళ్ల మీద నుంచి లేచాం. ఆరిపోయింది. మూడుసార్లు చేశాడు. బోర్డు పోయింది టీచరమ్మా అని, భూతద్దం కింద ఆవగింజంత నల్లమచ్చ చూపించాడు. బెంగళూరులో తెలిసినవాళ్లకు ఫోటోలు పంపితే వాళ్లూ వద్దన్నారట.

ఎన్ని మాటలు మిగిలినాయి అని అడిగాడు. పదకొండు అన్నాను. ఏవేవి అన్నాడు. వరసగా చెప్పాను. స్క్రూడ్రైవరు తుడిచి డబ్బాలో పెట్టాడు. ఇవన్నీ ఆస్పత్రి మాటలే గదా టీచరమ్మా అన్నాడు.

టీ తెప్పించాడు. తాగి బస్సెక్కాను.

16-08-2025, శనివారం

అర్చన వచ్చి కొత్త ఫోన్లో వేరే యాప్ వేసింది. టైపు చేస్తే అది చదువుతుంది. మొదటి గళ్లలో ఆ పదకొండు మాటలు కూడా పెట్టింది. యాప్ గొంతు ఒక ఆడమనిషిది. దయచేసి నాకు మంచినీరు ఇవ్వగలరా అంది. బస్టాండులో అనౌన్సు చేసినట్టు. ఆయన భుజాలు ఊగాయి. చప్పుడు లేదు గానీ అది నవ్వే. కాగితం మీద రాసి అర్చనకు ఇచ్చారు: ఈమెను ఏ బస్సు ఎక్కించాల?

అర్చన నవ్వీ నవ్వీ బాత్‌రూమ్‌లోకి పోయింది. చాలాసేపు రాలేదు. కళ్లు కడుక్కుని వచ్చింది.

17-08-2025, ఆదివారం

ఉదయం 9.40. వంటింట్లో ఉన్నాను. ఆయన గొంతు వినిపించింది. నొప్పి. మళ్లీ, నొప్పి. చేతిలో గరిటెతోనే పరుగెత్తాను. ఆయన మంచం మీద నెమ్మదిగా కూర్చుని ఉన్నారు. నొప్పేమీ లేదు. కిటికీ చూపించారు. వాన మొదలైంది.

కోప్పడ్డాను. నొప్పి లేనప్పుడు ఆ గడి నొక్కకూడదు, అబద్ధానికి అలవాటు పడితే నిజంగా వచ్చిన రోజు నేను రాను అన్నాను. తల ఊపారు.

అన్నది తప్పు కాదు.

18-08-2025

జూన్ పన్నెండో తేదీ పేజీ తీశాను. నా చేతిరాతే. "40వ గడి: 31 సార్లు. పని లేని పిలుపులు: 22. ఆయనకు చెప్పాలి." చెప్పాను కూడా.

ఆ ఇరవై రెండూ ఏమిటో కొన్ని గుర్తున్నాయి. మీటరు డబ్బా మీద పిచ్చుక. రోడ్డు మీద ఏదో బస్సు హారన్, అది మన డిపోదని చెప్పడానికి. కొన్నిటికి ఏమీ లేదు. నేను వెళ్లి ఏం కావాలి అనేదాన్ని. ఏమీ వద్దని అరచేయి చూపేవారు.

నీళ్లు, దుప్పటి, మాత్ర, అన్నీ ఆయన రాసి చూపగలరు. ముప్పై తొమ్మిదీ రాయగలరు. కానీ చూపాలంటే నేను ఎదురుగా ఉండాలి. నన్ను ఎదురుగా తేవడానికి ఉన్నది ఒక్కటే. అవసరాల వరసలో దాన్ని చివర పెట్టాను.

అర్చన ఒక గంట కొనిచ్చి పోయింది. ఆయన దాన్ని పక్కన పెట్టుకున్నారు. మోగించలేదు. నొప్పి గడి కూడా నొక్కలేదు. నాకు నేనుగా వెళ్లిన ప్రతిసారీ ఆయన గుమ్మం వైపే చూస్తూ ఉన్నారు.

19-08-2025

గంట మోగలేదు.

20-08-2025, బుధవారం

ఇక జరగవలసినవి:

1. పాత ఫోన్ మొయిన్‌కు ఇచ్చేయాలి. చెత్తబండిలో వేయకూడదు.

2. పదకొండు మాటలూ అర్చన ఫోన్లోకి ఈ రోజే పంపాలి. ఆదివారం దాకా ఆగకూడదు.

3. అర్ధగంటకొకసారి ఆయన దగ్గరికి వెళ్లాలి. ఏం కావాలి అని అడగకూడదు.

4. ఎన్నిసార్లు వెళ్లానో రాయకూడదు.

5. నలభయ్యో గడిలో ఎవరిదో ఒకరి గొంతు ఉండాలి. ఉదయం తలుపు వేసుకుని నేనే పలికి రికార్డు చేశాను. ఆరుసార్లు. నన్ను నేను పిలుచుకోవడం సరిగా రావడం లేదు.

6. ఏడోసారి.