దాదా లేత్ మీద గిన్నె

జూన్ 13, శనివారం
తీర్పు రోజు ఖరారు! మా దాదా, అంటే తాత, మంచం కోళ్లు చెక్కిన లేత్ గిన్నెలకు పనికొస్తుందా, రాదా? వచ్చే జుమ్మా నమాజు లోపు తేల్చేస్తాను. మొహమాటం లేదు, పక్షపాతం లేదు. గిన్నె వస్తే లేత్ ఉంటుంది. రాకపోతే పాత ఇనుముకు పోతుంది, షెడ్డు నా భార్య ఖుద్సియా కుట్టుమిషన్‌కు. వానలొచ్చేశాయి, పాపం ఇంకా వరండాలోనే కుడుతోంది.
కోరిన గిన్నె: పన్నెండు అంగుళాలు. బిర్యానీ వడ్డించేంత.

జూన్ 14, ఆదివారం
ఒళ్లంతా పోత ఇనుము. మోటారు వేస్తే వణుకే లేదు. శభాష్! దుమ్ముగూడెం మొత్తంలో ఇలాంటిది ఉండదు.
సాయంత్రం కొలిచాను. ఇరుసుకూ కింది ఇనుప దూలానికీ మధ్య నాలుగు అంగుళాలే. అంటే ఎనిమిదికి మించిన చెక్క తిరగదు. పర్వాలేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరం, అంత బిర్యానీ దేనికి? ఏడు చాలు.

జూన్ 16, మంగళవారం
పక్కింటి పగిడయ్య తన చేలో గాలికి విరిగిన మామిడి కొమ్మ ఇచ్చాడు. టేకు ముట్టుకుంటే ఫారెస్టు వాళ్లతో తంటా. మంచం కోళ్లకు బిగించినట్టే రెండు వైపులా మొనలు బిగించి చెక్కాను. అద్భుతం! అంచున రెండు గీతలు, నడుమున ఒక పూస. దాదా చూస్తే వెన్ను తట్టేవాడు.
ఖుద్సియా అటూ ఇటూ తిప్పి చూసింది.
"దీంట్ల సాలన్ ఏడ పోయాలె?"
నిజమే. లోపల తవ్వలేదు. తవ్వాలంటే కుడివైపు మొన అడ్డం. చేతులకు కోళ్లే తెలుసు, నా తప్పేముంది?

జూన్ 17, బుధవారం
చెక్కను ఒకవైపే పట్టుకునే ఇనుప పళ్లెం భద్రాచలంలో చేయించి తెచ్చాను. బిగించాను. తిప్పాను. ఈ లేత్‌కు అన్నిటికంటే తక్కువ వేగం కూడా కోళ్ల వేగమే, గిన్నెకు మరీ ఎక్కువ! చెక్క ఎగిరి తలుపుకు తగిలింది. ఆ తలుపు అక్కడ ఉండకూడదసలు.
చట్నీ గిన్నె కూడా గిన్నేగా?

జూన్ 18, గురువారం
వాన. షెడ్డు కప్పు కారుతుందని లేత్‌కు టార్పాలిన్ కప్పడానికి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి వరండాలో పెళ్లికూతురు వనజ జాకెట్ గుడ్డ తడిసి రంగు దిగింది. ఖుద్సియా గుడ్డ పిండి తీగ మీద ఆరేసింది. తిట్టినా బాగుండేది. చాలా సిగ్గేసింది.

జూన్ 19, శుక్రవారం
నమాజుకు ముందే తీర్పు. దాదా, మాఫ్ చేయి. చట్నీ గిన్నె కూడా రాలేదు, ఇది కోళ్ల లేత్. పగిడయ్యా నేనూ గడ్డపారలతో బయటికి జరిపాం. కుట్టుమిషన్ లోపలికి వెళ్లింది. పాత ఇనుము బండి వచ్చేదాకా లేత్ వరండాలో. ఏడుపొచ్చింది.
"ఇన్నొద్దులు నేను తడిసిన. ఇగ అది తడుస్తది," అంది ఖుద్సియా. అంటూనే దానికి టార్పాలిన్ కప్పింది.
సాయంత్రం: షెడ్డులో దీని ఎడమ చివర గోడకు ఆనుకుని ఉండేది. ఇక్కడ ఖాళీ. ఇరుసు ఆ వైపూ బయటికి వచ్చి ఉంది, పళ్లెం బిగించడానికి దానికీ మరలున్నాయి! కింద దూలం లేదు, ఎంత పెద్ద చెక్కైనా తిరుగుతుంది. వేగం సంగతి తర్వాత.
బండివాడికి ఫోన్ చేసి రావద్దన్నాను.

జూన్ 20, శనివారం
తీర్పు రోజు ఖరారు! వచ్చే జుమ్మా లోపు. మొహమాటం లేదు, పక్షపాతం లేదు.
కోరిన గిన్నె: పదహారు అంగుళాలు.