మొద్దు కట్టిన రోజు

మస్కట్ దగ్గరి తోట నుంచి,
శుక్రవారం మధ్యాహ్నం

అన్నకు, తమ్ముడు సాయిలు దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు, వదిన, పిల్లలు బాగున్నారని అనుకుంటున్నాను. అవ్వ మోకాళ్లకు పోయినసారి పంపిన నూనె పనిచేస్తోందా? మీ దగ్గర వానలు పడ్డాయా? పోచారం ప్రాజెక్టు నిండిందని వదిన చెప్పింది. విని సంతోషపడ్డాను.

వారం వారం ఫోన్ చేస్తూ మళ్లీ ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావేమో. ఫోన్‌లో నాకు మాటలు రావని నీకు తెలుసు. ఏడో తరగతిలో బడి మానేశాక నాకు వచ్చిన చదువంతా రోజూ నోటుబుక్కులో రాసుకుంటూ నేర్చుకున్నదే. మా తోట మేస్త్రీ జాని భాయ్‌ది మన జిల్లాలోని బీర్కూర్. రెండు నెలల సెలవు మీద వస్తున్నాడు. ఆయన చేత పంపిస్తున్నాను. ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

ఇక్కడ ఎండలు తగ్గలేదు. పొద్దు పొడవక ముందే పని మొదలుపెట్టి, పదింటికి ఆపి, మళ్లీ నాలుగింటికి దిగుతాం. అన్నం మేమే వండుకుంటాం. ఆరోగ్యం బాగుంది, దిగులు పడకండి.

మూడేళ్లుగా నేను గడ్డి కోసే బండి నడుపుతున్న సంగతి మీకు తెలుసు. దాని మీద కూర్చుంటే కాళ్లు నేలకు జానెడు ఎత్తులో ఉంటాయి. కుడికాలి కింద ఒకటే పెడల్. తొక్కితే పోతుంది, కాలు తీస్తే ఆగుతుంది. దాని మీద నాకు ఎన్నడూ భయం వేయలేదు.

రెండు నెలల కింద అర్బాబు చిన్న ట్రాక్టరు తెచ్చాడు. ఇక్కడ యజమానిని అర్బాబు అంటారు. మన ఊళ్లో దున్నే ట్రాక్టరులో అది సగం ఉంటుంది. ముందు ఎరువు ఎత్తే తొట్టి, వెనక గడ్డి కోసే యంత్రం. సీటు వెనక ఇనుప కమాను ఉంటుంది, బండి తిరగబడితే మనిషి నలిగిపోకుండా. దానికి తోడు నడుముకు బెల్టు.

“సాయిలూ, రేపటి సంది ఇది నీదే” అన్నాడు జాని భాయ్.

“నాకు ట్రాక్టర్ వద్దు భాయ్. ఆ గడ్డిబండే మంచిగుంది.”

“గడ్డిబండి అమ్మేసిండు అర్బాబ్. ఇగ దేని మీద కూసుంటవ్, నా నెత్తి మీదనా?”

ఎందుకు వద్దన్నానో ఆయనకు చెప్పలేదు. నీకు చెప్పనక్కరలేదు.

మొదటి రోజు ఆపుదామని కాలు తీశాను. క్లచ్ మీది కాలు తీస్తే ట్రాక్టరు ఆగదు కదా, ముందుకు దూకింది. గుర్రాల దొడ్డి దడిలో గుంజ ఒకటి విరిగింది. “గుర్రాలు మంచిగనే ఉన్నయ్, నువ్వే బెదురుతున్నవ్ కదరా!” అని జాని భాయ్ నవ్వాడు. మూడేళ్ల అలవాటును కాలు మరిచిపోవడానికి పదిహేను రోజులు పట్టింది. నేర్చుకున్నదల్లా నోటుబుక్కులో రాసుకున్నాను. తొట్టి నిండా ఎరువుంటే మోకాలి ఎత్తుకు మించి ఎత్తగూడదు, ఎత్తి మలిపితే వెనక చక్రం నేల విడుస్తుంది. గడ్డిబండితో అడ్డంగా పోయిన మిట్టను దీనితో నిలువునే ఎక్కాలి. ఇట్లా చిన్న చిన్నవి.

మూడు వారాల కింద జరిగింది చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఖర్జూరపు చెట్ల నడుమ నీళ్ల పైపు పగిలి ఇసుక నానిపోయింది. నేను చూసుకోలేదు. వెనక చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. ఆ రోజు ముందు తొట్టి విప్పి పెట్టాం. మట్టలు తగులుతున్నాయని కమాను వెనక్కి మడిచాను. బెల్టు కూడా పెట్టుకోలేదు, గడ్డిబండికి బెల్టు ఎక్కడిది? అప్పుడు నేనేం చేశానో తెలుసా అన్నా? దిగి, ఒక ఖర్జూరపు మొద్దును లాక్కొచ్చి, రెండు వెనక చక్రాలకు అడ్డంగా వేసి గొలుసుతో బిగించి కట్టాను. ఆలోచించలేదు. మన దిక్కు మడిలో ట్రాక్టరు దిగబడితే ఎవరైనా చేసేది అదే. చేతులు వాటంతట అవే కట్టాయి.

ఎక్కి క్లచ్ వదిలాను. మొద్దు ఇసుకలో తన్నుకుంది, చక్రాలు తిరగలేదు. ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. ఎదుటి చెట్లు కనిపించకుండా పోయాయి.

“క్లచ్! సాయిలూ, క్లచ్ తొక్కు!”

జాని భాయ్ పరుగెత్తుకొస్తూ అరిచాడు. తొక్కాను. బండి ముందు భాగం ధబీమని నేల మీద పడింది.

ఆయన నన్ను కిందికి గుంజి, గొలుసు విప్పాడు. “ఎవడు నేర్పిండురా నీకు ఇది? చక్రం తిరగకపోతే ఇంజన్ ఊకుంటదా? బండినే లేపి నీ మీద ఏస్తది.”

“మా దిక్కు అందరు గిట్లనే కడ్తరు భాయ్.”

“మా దిక్కు గూడ కడ్తరు. కట్టి పోయినోళ్లను సూసిన గనుకనే అరిసిన.”

తర్వాత ఇద్దరం పార పట్టి చక్రాల వెనక తవ్వి, పలకలు వేసి, వెనక్కి తీశాం. గంట పట్టింది. అంతే పని. ఒక్క గంట.

ఆ రోజు నోటుబుక్కులో ఒకటే మాట రాశాను. మొద్దు కట్టాను.

అన్నా, బాపు పోయి పదమూడేళ్లు. కాలువ కింది మడి మూలలో బాపు తోలుతున్న ట్రాక్టరు దిగబడ్డప్పుడు నేను గట్టు మీదున్నాను. మొద్దు తెచ్చి కట్టింది నువ్వు. “తేపో పెద్దోడా, మొద్దు కట్టు, ఎల్తది” అన్నది బాపు. ఆ మాట నేను విన్నాను. విని కూడా, దవాఖాన ముందర అందరిలో “ఎవడు కట్టుమన్నడు నిన్ను?” అని అడిగాను. బాపే కట్టమన్నాడని నువ్వు అనలేదు. చనిపోయిన మనిషి మీద మాట రానివ్వలేదు. నేను చెప్పాల్సింది. ఆ రోజు చెప్పలేదు, తర్వాత కూడా చెప్పలేదు. మనను కన్న అవ్వకు ఈనాటికీ తెలియదు. నా నోట్లో నుంచి ఆ మాట రాకపోతే, నువ్వు ఆ మడి కౌలుకిచ్చి కామారెడ్డి గంజ్‌లో బస్తాలు మోయడానికి పోయేవాడివి కాదు.

మొద్దు వల్లనే ట్రాక్టరు మీద తిరగబడి బాపు పోయాడు. అది నిజం, దాన్ని కాదని రాయలేను. కానీ కట్టింది నీ ఒక్కడి చేతులు కావు. మొన్న నా చేతులు కూడా కట్టాయి, అదంతా కళ్లారా చూసినవాడి చేతులు. తేడా ఒకటే, నాకు అరిచే మనిషి ఉన్నాడు. ఆ రోజు గట్టు మీద ఉన్నది నేను.

నన్ను క్షమించు అన్నా.

ఆ మడి అమ్ముతానంటున్నావని, నా సంతకం కావాలని వదిన చెప్పింది. నిజంగా అమ్మాలని ఉంటే కాగితాలు పంపు, మారుమాట లేకుండా పెడతాను. నేనన్న మాటకు భయపడి మాత్రం అమ్మకు. ఒక్కసారి ఆ మూల దాకా పోయి నిలబడు. తర్వాత చెప్పు. ఊళ్లో ట్రాక్టరు తోలే వాళ్లకు కూడా చెప్పు, మొద్దు కట్టవద్దని, పార పట్టమని. నువ్వు చెప్తే వింటారు.

నా గురించి రంది పెట్టుకోకు. ఇప్పుడు కమాను నిలబెట్టి, బెల్టు పెట్టుకునే నడుపుతున్నాను. అవ్వకు ట్రాక్టరు సంగతి నేనే చెప్తాను. బాపు నీతో అన్న మాట కూడా నేనే చెప్తాను.

జాని భాయ్ చేత నీకు తోలు చేతితొడుగులు పంపుతున్నాను, గంజ్‌లో బస్తాలు ఎత్తేటప్పుడు వేసుకో. ఆయన తిరిగి వచ్చేటప్పుడు వదినను కొంచెం మామిడి తొక్కు ఇమ్మను. అవ్వ కాళ్లు మొక్కుతున్నానని చెప్పు. వదినకు దండాలు, పిల్లలకు దీవెనలు. పెద్దవాడివి, నీ దీవెన నాకు కావాలి.

ఇన్నేళ్లు వదినకు ఫోన్ చేసి “అన్న మంచిగున్నడా?” అని అడిగి పెట్టేశాను. నువ్వు పక్కనే ఉన్నావని తెలిసి కూడా. ఈ ఉత్తరం అందిన తర్వాతి శుక్రవారం ఫోన్ చేసి “అన్నకియ్యి వదినా” అంటాను. మాట్లాడకపోయినా ఫరవాలేదు. ఫోన్ పట్టుకో.

నీ తమ్ముడు
సాయిలు