కడ్డీకి కట్టిన గలీబు పట్టీ

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే కర్మాగారంలో ముప్ఫై ఒక్క ఏళ్లు ఇస్త్రీ విభాగంలో నిలబడి పనిచేసి, పదవీ విరమణ చేసిన అరవై ఒక్క ఏళ్ల నేను, తెలివి తిన్నగా ఉండగా, ఎవరి బెదిరింపూ బతిమాలుడూ లేకుండా చెప్పి రాయించి, చదివించుకుని ఒప్పుకున్న వీలునామా ఇది. వచ్చే వారం నా ఊపిరితిత్తులకు ఆపరేషన్. మతి సరిగానే ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం వెనక జతచేశాను, ఎందుకంటే కంపెనీ వకీలు నాకు పిచ్చి అంటాడు. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. రాశానని ఎవరైనా తెస్తే అది దొంగది.

1. దీన్ని అమలు చేసే బాధ్యత కింది వాటాలో ఉంటున్న దర్జీది. పెద్దకొడుక్కి అప్పజెప్పలేదు. వాడు నాలుగో అంశం దాకా చదివి చింపి పారేస్తాడు.

2. నేను ఉంటున్న రెండు గదుల వాటా, అందులోని మంచం, బీరువా, గిన్నెలతో సహా, నా తదనంతరం చిన్నకోడలికి సర్వహక్కులతో చెందాలి. పెద్దవాడు కోర్టుకెక్కితే ఎక్కనివ్వండి. వాళ్ల నాన్న పోయినప్పుడు వాడి భాగం వాడు పట్టుకుపోయాడు, తలుపు గొళ్లెం కూడా వదల్లేదు. వాడికి గోడ గడియారం ఇస్తున్నాను. నన్ను చూడ్డానికి వచ్చిన ప్రతిసారీ దానివంకే చూస్తూ కూర్చునేవాడు.

3. చిన్నకొడుక్కి వేరే ఆస్తి ఏమీ రాయడం లేదు. రోజూ పొద్దున్నే పెళ్లానికి జడ వేస్తున్నాడు. మొదటి నెల వంకరటింకరగా వేసేవాడు, ఇప్పుడు చెయ్యి తిరిగింది. నా చెక్క దువ్వెన వాడిది.

4. అసలు సంగతి ఇది. ఇస్త్రీ చేసే రోలర్ మిషన్ ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. దానికి చెయ్యి తగిలితే మిషన్ ఆగిపోతుంది. దుప్పటి మడత తగిలినా ఆగిపోతుంది. నాలుగేళ్ల కిందట మా విభాగం తలుపు పైన టీవీలాంటి తెర ఒకటి బిగించారు. మిషన్ ఎవరి షిఫ్టులో ఎన్నిసార్లు ఆగిందో అదే లెక్కపెడుతుంది, హెచ్చరిక ఉత్తరం కూడా అదే పంపుతుంది. మూడో ఉత్తరంతో ఉద్యోగం ఊడుతుంది. మా వాళ్లు దానికి అత్తగారు అని పేరు పెట్టారు. చిన్నకోడలు కూడా అక్కడే పనిచేసేది, దాని అసలు అత్తగారిని నేను పక్కనే ఉన్నానన్న మొహమాటం కూడా లేదు. నేనూ నవ్వాను.

ఆ ఉత్తరాల కింద ఎవరి సంతకమూ ఉండదు. నాకు రెండు వచ్చాయి. ఎవరు పంపారని మేనేజర్‌ని అడిగితే “నాకేం తెలీదమ్మా, సిస్టమ్ పంపింది” అన్నాడు. సిస్టమ్‌ని ఎక్కడికెళ్లి బతిమాలుకోవాలో మాత్రం చెప్పలేదు. అప్పుడే నేను దిండు గలీబు అంచు చింపి, కడ్డీని వెనక్కి లాగి, పక్క రేకు చాటున కట్టేశాను. ఇక ఏం తగిలినా మిషన్ ఆగదు. ఒక్క లాగుతో ఊడే ముడి. తనిఖీ వాళ్లొస్తే గబుక్కున తీసేయొచ్చు. దాన్ని అందరికీ నేర్పిందీ నేనే. కట్టినవాళ్లే షిఫ్టు దిగేటప్పుడు విప్పాలి. మాకున్న నియమం అదొక్కటే.

పోయిన సెప్టెంబరులో ఒకరోజు ఆయాసంతో దిగిపోతూ విప్పడం మరిచిపోయాను. అదే మిషన్ మీద నా తర్వాతి షిఫ్టు చిన్నకోడలిది. కడ్డీ పనిచేస్తోందని నమ్మి, మడతపడ్డ దుప్పటి సరిచేయబోయింది. కుడిచేతి మూడు వేళ్లు పోయాయి.

5. విచారణలో కోడలు “కట్టింది నేనే” అని చెప్పింది. నేను రిటైరవడానికి అప్పటికి నాలుగు నెలలే ఉంది. ఆసుపత్రి మంచం మీద పడుకుని నాతో అన్నది ఇదీ: “మీ పింఛను పోతే మందులకేం చేస్తారత్తయ్యా? మీరు నోరు మెదపకండి.” నేను మెదపలేదు. పెళ్లయిన కొత్తలో, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా అని దాన్ని సాధించేదాన్ని, ముంగి అని పేరు కూడా పెట్టాను. అది నోరు తెరిచింది నాకోసం. నేను మాత్రం ఏడాదిగా దానికి అన్నం కలిపి పెడుతూ మూసుకుని కూర్చున్నాను.

తప్పు కార్మికురాలిదే కాబట్టి పరిహారం రాదని తేల్చారు. మిషన్ చేసినవాళ్లు కడ్డీలో లోపం లేదన్నారు. తెర పెట్టినవాళ్లు మేం లెక్కే పెట్టాం, కట్టమని చెప్పామా అన్నారు. కంపెనీ, కట్టకూడదని బోర్డు పెట్టామంది. నిజమే, బోర్డు ఉంది, ఆ తెర కిందే. చట్టం చదువుకున్నవాళ్లకు నాదొక్క ప్రశ్న. సంతకం లేని ఉత్తరం మనిషిని పనిలోంచి తీసేయగలిగినప్పుడు, దానికి భయపడి చేసిన తప్పుకి నాతోపాటు బోనెక్కాల్సింది ఎవరు? నా తప్పు నాది, కాదనను. మిగతాది ఎవరిదో కూడా రాయండి.

6. ఆ రోజు కడ్డీని విడిపించిన మెకానిక్, ముడి చెడకుండా పట్టీని కోసి తన పెట్టెలో దాచాడు. ముడి చూడగానే ఎవరిదో అతనికి తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు, నన్ను పలకరించడం మాత్రం మానేశాడు. నిన్న కబురు పెడితే తెచ్చి నా మంచం మీద పెట్టాడు. ఆ పట్టీ, నా రెండు ఉత్తరాలు విచారణాధికారికి చెందాలి.

7. వీలునామా నేను పోయాకే తెరుస్తారట. పరిహారం కోసం కోడలు వేసుకున్న అప్పీలు విచారణ రేపు పదకొండింటికి. రేపు కొట్టేస్తే ఇక పైకి వెళ్లే దారి లేదట. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసే పై మూడు అంశాలూ ఇందులో రాయించాను. నేను పోయాక నిజం బయటపడితే నన్నెవరూ ఏమీ అనలేరు కదా అనుకున్నాను. దర్జీ చదివి వినిపిస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

కాబట్టి నాలుగు, ఐదు, ఆరు అంశాలు నా చావు కోసం ఆగవు. రేపు నేనే వెళ్లి చెబుతాను. పింఛను పోతే పోనీ. అబద్ధపు వాంగ్మూలం ఇచ్చిందని కోడలి మీద కూడా కేసు పెట్టొచ్చని మా వకీలు అన్నాడు. నా భయమల్లా అదే. అయినా ఆగను.

చిన్నదానా, ఈ మాట నీకు. నీకు ఆస్తి వస్తుంది కాబట్టి నువ్వు దీనికి సాక్షి సంతకం పెట్టకూడదట, అందుకే నిన్ను బయటికి పంపి రాయిస్తున్నాను. రేపు ఆ గదిలో నేను లేచినప్పుడు నన్ను పట్టుకుని కూర్చోబెట్టకు.

తేదీ: ఆగస్టు పద్దెనిమిది, బుధవారం, సాయంత్రం ఐదున్నర.

సంతకం: ఇస్త్రీ విభాగం పెద్దమ్మ

సాక్షులు:
కర్మాగారం మెకానిక్
పక్క వాటా నర్సు

దస్తూరి: కింది వాటా దర్జీ