బిందెలు పాటించిన దూరం

ఓబులేసూ,

ఇది రాయకూడదనే అనుకున్నాను. బతికున్నప్పుడే నా మాట సగంలో ఉండగానే లేచి వెళ్లిపోయేవాడివి, ఇప్పుడు చదువుతావా? కానీ ఇవాళ మన కాలనీకి కుళాయి వచ్చింది. నీకు కాక ఎవరికి చెప్పుకోను?

కరోనా నాటి ట్యాంకర్ గుర్తుందా? మనుషులు దూరంగా నిలబడాలని దారి పొడవునా సున్నంతో వలయాలు గీశారు. మనవాళ్లు వలయానికో బిందె పెట్టి, అందరూ పోయి ఒకే గోడ నీడలో ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. మరి ఎండ అలాంటిది. బిందెల్లో ఒక్కదానికీ జబ్బు రాలేదు.

పై వీధి పెద్దాయన మిద్దె మీద నుంచి కేకేశాడు. "ఏమప్పా, ఇండ్లల్లో ఉండల్యారా?"

"నీ ఇంట్లో బోరుండాదన్నా, ఉంటావు. మేము లోపల కూచుంటే నీళ్లు నడిచొస్తాయా?" అన్నావు నువ్వు. నీడంతా నవ్వింది. నవ్వుతూనే నువ్వు దగ్గావు.

వారం తిరక్కుండా నిన్ను అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ గోడ పక్కన కూర్చున్న ఇంకొందరిని కూడా. ఎవరూ తిరిగి రాలేదు. పై వీధిలో అందరూ క్షేమంగానే ఉన్నారు. వాళ్లకు గేటు దాటే పని పడలేదు.

కుళాయిలో మొదట గాలి వచ్చింది, తర్వాత ఎర్రనీళ్లు, కాసేపటికి తేటపడ్డాయి. మీ ఆవిడ సుబ్బమ్మ చేతులు కడుక్కుని, కుళాయి కట్టేసి, లోపలికి వెళ్లింది.